కాళ్ళు కాలి మానాక నడక తూలుతుంటే: ఇంట్లో ఎక్సర్‌సైజులా, ఫిజియో సెంటరా, మెషీన్లా, యోగానా?

మా అమ్మకి పోయినేడు కార్తీకమాసంలో కాళ్ళు కాలాయి. తెల్లారుజామున స్నానానికి కాచిన నీళ్ళ గిన్నె స్టవ్ మీంచి దించి బాత్రూంకి మోస్కెళ్తుంటే గడప తగిలి మొత్తం మోకాళ్ళ కింద పడిపోయాయి, పైగా చీర, లంగా తడిసి కాళ్ళకి అతుక్కుపోయేసరికి ఆ వేడి చాలాసేపు అక్కడే ఉండిపోయింది. ఎడమ కాలు పిక్కతో సహా చుట్టూ కాలింది, కుడి కాలు ముందు వైపు, పాదం పైన కాలింది. డిశ్చార్జ్ పేపర్లో ఒంటి చర్మంలో 12% కాలింది అని రాశారు (పెద్దవాళ్ళకి ఒక కాలు మొత్తం 18% కింద లెక్కట). ఎడమ కాలికి తొడ నుంచి చర్మం తీసి గ్రాఫ్ట్ వేశారు, కుడిది దానంతటదే మానింది.

పుండ్లు మానాయి, డ్రెస్సింగులు ఆగాయి, చూడ్డానికి వచ్చినవాళ్ళంతా హమ్మయ్య తగ్గిపోయింది అన్నారు. మాకు అసలు కష్టం అక్కడే మొదలైంది. నడిస్తే తూలుతోంది, గడప దాటాలంటే తలుపు పట్టుకుంటోంది, బాత్రూంలో ముఖానికి సబ్బు రాస్కుని కళ్ళు మూస్కోగానే పక్కకి ఒరిగిపోతోంది. "నేల తెలియట్లేదే అమ్మాయ్, కాలు నాది కాదన్నట్టుంది" అనేది. అమ్మకి 61 ఏళ్ళు, ఈ వయసులో జారిపడి తుంటి విరిగితే ఇంక చెప్పేదేముంది, రాత్రిళ్ళు తను బాత్రూంకి లేస్తే నాకు నిద్ర పట్టేది కాదు.

ఎవర్ని అడిగితే వాళ్ళొక మాట చెప్పారు. బాబాయి రెస్ట్ ఇవ్వమన్నారు, మా అపార్ట్‌మెంట్లో ఒకావిడ యోగా అంది, ఆఫీసులో ఒకతను వాబుల్ బోర్డు (నిలబడితే అటూ ఇటూ ఊగే చెక్క) కొనమని లింక్ పంపాడు, ఒక సెంటర్ వాళ్ళు కంప్యూటర్ మెషీన్ మీద బ్యాలెన్స్ ట్రైనింగ్ అని ప్యాకేజీ చెప్పారు. నేను బోర్డు కొన్నా. రెండు వారాలు అమ్మని దాని మీద నిలబెట్టాలని చూసి ఇద్దరం ఏడ్చినంత పని అయింది, ఎందుకంటే చీలమండ వంగని మనిషిని ఊగే చెక్క మీద నిలబెడితే ఎలా నిలబడుతుంది. ఇప్పటికి తొమ్మిది నెలలు దాటింది, హైదరాబాద్‌లో మూడు నెలలు, మిగతాది తాడేపల్లిగూడెంలో మా ఇంట్లో, దాదాపు అన్ని రకాలూ చూశాం. నేను డాక్టర్ని కాదు, ఇద్దరు ఫిజియోలు, ఒక ప్లాస్టిక్ సర్జన్ చెప్పినవి, నేను చదివినవి, అమ్మ కాళ్ళ మీద పని చేసినవి కలిపి రాస్తున్నా, ఏది మొదలుపెట్టే ముందైనా మీ సర్జన్‌ని ఒక్కసారి అడగండి.

ముందు ఏది పోయిందో తెలుసుకోండి

బ్యాలెన్స్ పోయింది అని మనం ఒకే మాట అంటాం గానీ అది ఒకటి కాదు, ఈ సంగతి నాకు మొదట్లోనే ఎవరైనా చెప్పుంటే బాగుండేది. మనిషి నిలబడ్డానికి కళ్ళు, లోపలి చెవి, పాదాల చర్మం కీళ్ళ నుంచి వచ్చే కబురు, ఈ మూడూ కావాలి. కాలిన గాయం కొట్టేది ఎక్కువగా మూడోదాన్ని. అందుకే కళ్ళు మూస్కుంటే, కరెంటు పోతే అమ్మ ఒరిగిపోయేది, అప్పటిదాకా కళ్ళతోనే నెట్టుకొస్తోందన్నమాట. దాంతోపాటు ఇంకో మూడు ఉంటాయి: చర్మం బిగిసి కీలు వంగకపోవడం, కండ కరిగిపోవడం, భయం. నాలుగూ ఉండొచ్చు, ఒకటే ఉండొచ్చు, దేనికి చేయాల్సింది దానికి వేరు.

బిగుతు సంగతి చూడాలంటే ఎటు కాలిందో చూడండి, ఎటు కాలితే మచ్చ అటే లాగుతుంది. అమ్మకి ఎడమ పిక్క వెనక కాలింది, దానికితోడు మంచంలో పడుకున్నన్ని రోజులూ పాదం కిందకి వాలిపోయి ఉంది, అందుకని మడమ నేలకి ఆనట్లేదు. కుడి పాదానికి రివర్స్, పైన కాలింది కాబట్టి వేళ్ళు పైకి లేచిపోయి నేలని తాకట్లేదు. వేళ్ళు నేలకి తగలకపోతే ముందుకి తూలినప్పుడు ఆపేదేముంటుంది చెప్పండి. ఒకే మనిషికి రెండు కాళ్ళకీ రెండు వ్యతిరేకమైన స్ట్రెచ్‌లు కావాల్సొచ్చింది, మొదట ఇచ్చిన ఎక్సర్‌సైజ్ పేపర్లో మాత్రం రెండింటికీ ఒకటే బొమ్మ ఉంది.

చీలమండ కొలతకి మా ఫిజియో నేర్పిన పద్ధతి ఇది. గోడకి ఎదురుగా నిలబడి మడమ లేపకుండా మోకాలిని గోడకి తాకించాలి, తాకితే పాదాన్ని ఇంకొంచెం వెనక్కి జరపాలి, మడమ లేవకుండా మోకాలు తాకే ఆఖరి చోట బొటనవేలికీ గోడకీ మధ్య ఎన్ని సెంటీమీటర్లో టేపుతో కొలవాలి. అమ్మకి మొదటిరోజు కుడి 5, ఎడమ సున్నా, అంటే వేలు గోడకి ఆనించినా మోకాలు తాకలేదు. మామూలుగా నడవడానికే చీలమండ పైకి 10 డిగ్రీల దాకా వంగాలంట, మెట్లు దిగడానికి, గొంతుక్కూర్చోడానికి ఇంకా ఎక్కువ కావాలి.

బలానికి కుర్చీ టెస్ట్. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి, 60 నుంచి 64 ఏళ్ళ ఆడవాళ్ళకి 12 కంటే తక్కువ, మగవాళ్ళకి 14 కంటే తక్కువ వస్తే బలం తక్కువున్నట్టు. అమ్మకి 6 వచ్చింది. మొత్తం నడకకి ఇంకోటి, కుర్చీలోంచి లేచి 3 మీటర్లు మామూలుగా నడిచి తిరిగొచ్చి కూర్చోడానికి 12 సెకన్లు, ఆపైన పడితే పడిపోయే రిస్క్ ఉన్నట్టు చూస్తారు, అమ్మకి 19 పట్టింది. ఫిజియో సెంటర్లో ఐతే బెర్గ్ స్కేల్ అని 14 పనులు చేయించి 56కి మార్కులేస్తారు, 45 లోపు వస్తే జాగ్రత్త పడాలంటారు. ఇవన్నీ చేసేటప్పుడు పక్కన ఒక మనిషి పట్టుకోడానికి రెడీగా ఉండాలి, ఒంటరిగా అస్సలు వద్దు.

స్పర్శకి దూది చాలు. కళ్ళు మూయించి పాదం మీద, అరికాలి మీద అక్కడక్కడా తాకించి తెలుస్తుందా అని అడగండి. గ్రాఫ్ట్ వేసిన చోట స్పర్శ నెలల తరబడి మెల్లగా కొంత వస్తుంది, మునుపటిలా పూర్తిగా రాకపోవచ్చు. షుగర్ ఉన్నవాళ్ళకి ముందునుంచే తిమ్మిరి ఉండొచ్చు కాబట్టి ఇది తప్పకుండా చూడాలి. పాదం పైకి ఎత్తలేక వేళ్ళు ఈడుస్తూ నడుస్తుంటే మాత్రం అది బ్యాలెన్స్ ఎక్సర్‌సైజుల కేసు కాదు, మోకాలి పక్కన నరం నొక్కుకుపోయి ఉండొచ్చు, ముందు డాక్టర్ దగ్గరకెళ్ళండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

గ్రాఫ్ట్ వేసిన మొదటి 5–7 రోజులు కదపొద్దనేది పాత పద్ధతి, ఇప్పుడు చాలాచోట్ల కట్టు గట్టిగా వేసి త్వరగానే నడిపిస్తున్నారు. ఇది పూర్తిగా సర్జన్ ఇష్టం, మనం తొందరపడకూడదు, భయపడి లేటు చేయకూడదు కూడా. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, కొత్త గ్రాఫ్ట్ ఉన్న కాలిని కిందకి దించే ముందు వేళ్ళ దగ్గర్నుంచి పైకి క్రేప్ బ్యాండేజ్ చుట్టాలి. చుట్టకుండా నిలబెడితే రక్తం కిందకి దిగి కాలు ఊదారంగు తిరుగుతుంది, బొబ్బలొస్తాయి, వేసిన చర్మం పాడవ్వొచ్చు.

మంచం మీదున్న రోజుల్లో మేం చేసిన తప్పు దిండు. మోకాలి కింద దిండు పెడితే అమ్మకి హాయిగా ఉండేది, మేం ప్రేమగా పెట్టేవాళ్ళం, కానీ కాలిన కాలికి ఏ పొజిషన్ హాయిగా ఉంటుందో ఆ పొజిషన్‌లోనే చర్మం బిగుసుకుపోతుంది. మోకాలు చాపి, పాదం పైకి నిలబెట్టి ఉంచాలి, పాదం వాలిపోతుంటే స్ప్లింట్, అంటే పాదాన్ని వాలకుండా పట్టి ఉంచే పట్టీ, అడగాలి. మాకు ఆ స్ప్లింట్ సంగతి డిశ్చార్జ్ రోజు దాకా ఎవరూ చెప్పలేదు. మీరెవరైనా ఇంకా హాస్పిటల్లోనే ఉంటే ఈ ఒక్కటి ఇవాళే అడగండి.

ఇంట్లో మనమే చేయించడం

నా ఓటు దీనికే, కానీ ఒక ఫిజియో కాళ్ళు చూసి ప్లాన్ రాసిచ్చి, రెండు మూడు వారాలకోసారి మళ్ళీ చూసేటట్టైతేనే. ఎందుకంటే మచ్చ రోజంతా లాగుతూనే ఉంటుంది, వారానికి మూడుసార్లు సెంటర్‌కెళ్ళి ముప్పావుగంట సాగదీస్తే దానికి సరిపోదు. రోజుకి నాలుగైదుసార్లు కాసేపు కాసేపు సాగదీయాలి, అది ఇంట్లోనే అవుతుంది. మచ్చ పచ్చిగా ఉండి మారే టైం ఆరు నెలల నుంచి ఏడాదిన్నర, రెండేళ్ళ దాకా ఉంటుంది, అన్నాళ్ళు రోజూ ఎవరు తీసుకెళ్తారు సెంటర్‌కి.

మేం చేసింది ఈ వరసలో. ముందు కొబ్బరినూనె రాసి మచ్చ మీద బొటనవేలితో గుండ్రంగా పది నిమిషాలు మర్దన, ఎండిపోయిన మచ్చని సాగదీస్తే చిట్లుతుంది కాబట్టి నూనె లేకుండా ఎప్పుడూ మొదలుపెట్టలేదు. తర్వాత ఎడమ కాలికి పిక్క స్ట్రెచ్, మొదట్లో మంచం మీద కూర్చుని పాదానికి తువ్వాలు తగిలించి తనవైపు లాక్కోవడం, తర్వాత గోడ పట్టుకుని నిలబడి మడమ నేలకి నొక్కడం, ఒక్కోటి 30 సెకన్లు, నాలుగుసార్లు. ఊపుతూ లాగకూడదు, గట్టిగా బిగుతు తెలిసేదాకా లాగి అక్కడే ఆపాలి. కుడి పాదానికి వేళ్ళని చేత్తో మెల్లగా కిందకి వంచి పట్టుకోవడం. వంచినప్పుడు బిగుతు, మంట ఉంటాయి, ఆపగానే కాసేపటికి తగ్గితే పర్లేదు, మర్నాటి దాకా నొప్పి, వాపు ఉంటే ఎక్కువైనట్టు లెక్క, అప్పుడు తగ్గించుకోవాలి.

బలానికి కుర్చీలోంచి లేచి కూర్చోవడం, కిచెన్ గట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం, మంచం మీద వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుం పైకి లేపడం, పక్కకి పడుకుని కాలు ఎత్తడం. నడుం, పొట్ట కండలు ఎందుకా అనుకున్నా, కాలు తూలినప్పుడు ఒంటిని పట్టి నిలిపేది అవే అని ఫిజియో చెప్పాడు, అవి గట్టిపడ్డాక తేడా కనిపించింది కూడా. మోకాళ్ళ మీద నిలబడే ఎక్సర్‌సైజులు మాత్రం మేం వదిలేశాం, గ్రాఫ్ట్ చర్మం నేలకి రాసుకుంటే బొబ్బలొస్తాయి.

అసలు బ్యాలెన్స్ పని ఈ రెండూ కాస్త వచ్చాకే మొదలైంది, నెలన్నర పట్టింది. గట్టు ముందు నిలబడి పాదాలు దగ్గరపెట్టి 30 సెకన్లు, తర్వాత ఒక పాదం సగం ముందుకి, తర్వాత ఒక మడమ ముందు ఇంకో పాదం వేళ్ళు ఒకే గీత మీద, ఆఖర్న ఒంటికాలు. ఒక మెట్టు చేత్తో పట్టుకోకుండా 30 సెకన్లు వస్తేనే తర్వాతది. ప్రతి మెట్టులోనూ మళ్ళీ మెడ అటూ ఇటూ తిప్పుతూ, కళ్ళు మూస్కుని, కింద మడతపెట్టిన బొంత వేసి. కళ్ళు మూస్కునేది మాత్రం గోడ మూలలో నిలబెట్టి, ఎదురుగా కుర్చీ పెట్టి, పక్కన నేను. అమ్మకి బాగా పనికొచ్చింది ఇదే అనుకుంటా, ఎందుకంటే పాదం నుంచి వచ్చే ఆ కాస్త కబురునీ వాడుకోవడం మెదడు నేర్చుకోవాలి, కళ్ళు తెరిచున్నంతసేపూ అది నేర్చుకోదు.

ఇంట్లో చేయించడంలో ఇబ్బంది ఏంటంటే మనం కూతుళ్ళం, కొడుకులం. "ఇవాళొద్దులే, ఒళ్ళు నొప్పులుగా ఉంది" అంటే మనసు కరిగిపోతుంది. మా ఇద్దరికీ దీని మీద గొడవలయ్యాయి. ఇంట్లో గట్టిగా చెప్పేవాళ్ళు లేకపోతే, లేదా మీరు పొద్దున్న వెళ్ళి రాత్రి వచ్చేవాళ్ళైతే ఇది ఒక్కటే నమ్ముకోకండి.

ఫిజియో ఇంటికా, మనం సెంటర్‌కా, గవర్నమెంట్ హాస్పిటల్‌కా

ఫిజియో ఇంటికొస్తే పెద్ద లాభం మన ఇల్లు చూస్తాడు. మా ఇంటికొచ్చినతను ముందు బాత్రూంలోకెళ్ళాడు. "ఆంటీ, మీరు ఇక్కడ నిలబడి స్నానం చేస్తే నేనెన్ని ఎక్సర్‌సైజులు చేయించినా లాభం లేదు, ప్లాస్టిక్ కుర్చీ వేస్కోండి" అన్నాడు. గోడకి పట్టుకునే రాడ్ ఎక్కడ బిగించాలో మార్క్ చేశాడు, గుమ్మం దగ్గర డోర్‌మ్యాట్ తీయించాడు. హైదరాబాద్‌లో మేం రోజుకి 600 ఇచ్చాం, వారానికి మూడు రోజులు, ఆరు వారాలు. నిలబడ్డానికే భయపడుతున్నవాళ్ళకి, ఆటో ఎక్కలేనివాళ్ళకి మొదటి నెల ఇదే బెటర్.

సెంటర్‌కెళ్తే పట్టుకుని నడిచే కమ్మీలు, మెట్లు, సైకిల్ ఉంటాయి, తనలాంటివాళ్ళు ఇంకో నలుగురు కనిపిస్తారు. అమ్మకి ఆ నలుగురే ధైర్యం, పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన కర్రతో నడుస్తుంటే చూసి తనూ చెయ్యి వదిలింది. ఐతే సెంటర్ ఎంచుకునేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: కాలిన గాయాల పేషెంట్లని ఇంతకుముందు చూశారా అని. మేం వెళ్ళిన ఒకచోట నేరుగా కరెంటు పెట్టె, వేడి ప్యాక్ తీశారు. స్పర్శ లేని చర్మం మీద వేడి ప్యాక్ పెడితే కాలుతున్నా తెలియదు, మళ్ళీ కాలుతుంది. ఆరోజే లేచి వచ్చేశాం.

గవర్నమెంట్ పెద్దాసుపత్రుల్లో బర్న్స్ వార్డులు ఉన్నచోట, అంటే హైదరాబాద్ ఉస్మానియా, గాంధీ, వైజాగ్ కేజీహెచ్ లాంటివి, అక్కడ ఫిజియో డిపార్ట్‌మెంట్ వాళ్ళు కాలిన కాళ్ళని చాలా చూసుంటారు, ఆ అనుభవం ప్రైవేటు సెంటర్లలో దొరకడం కష్టం. ఖర్చు భయం లేదు, కానీ దూరం, క్యూ. దగ్గర్లో ఉంటే నెలకి ఒకట్రెండుసార్లు అక్కడ చూపించుకుని, మిగతా రోజులు ఇంట్లో చేయించడం మంచి పద్ధతి. ఆరోగ్యశ్రీ కింద, ఆంధ్రాలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, దానికింద ఆపరేషన్ అయినవాళ్ళు డిశ్చార్జ్ తర్వాత ఏమేం వస్తాయో ఆరోగ్యమిత్రని అడిగి రాయించుకోండి.

మెషీన్లు, గేమ్‌లు, రోబోలు

బయోడెక్స్ అనేది అన్ని వైపులా ఊగే ప్లాట్‌ఫాం, ఎదురుగా స్క్రీన్, మన బరువు ఎటు వాలుతోందో చుక్క కనిపిస్తుంది, ఆ చుక్కని మధ్యలో నిలపాలి. స్పర్శ తగ్గినవాళ్ళకి పాదం చెప్పాల్సిన కబురు కళ్ళకి కనిపిస్తుంది కదా, ఆ రకంగా ఐడియా మంచిదే. ఈజిప్టులో ఫిజియోథెరపీ వాళ్ళు కాలిన కాళ్ళ మీద ఈ మెషీన్ని, ఐసోకైనెటిక్ అని బలం పెంచే మెషీన్ని పెట్టి స్టడీలు చేశారు, సియోల్‌లో హాంగాంగ్ సేక్రెడ్ హార్ట్ హాస్పిటల్లో రోబోతో నడిపించి చూశారు, పిల్లలకి వీడియో గేమ్ బోర్డులతో చేయించినవాళ్ళూ ఉన్నారు. ఫలితాలు బాగానే వచ్చాయి గానీ చాలావరకు చిన్న చిన్న గ్రూపుల మీద చేసినవి.

నా అభిప్రాయం చెప్తా. చీలమండ వంగుతూ, కుర్చీ టెస్ట్ పది దాటి, ఇంట్లో ఎక్సర్‌సైజులు ఒకచోట ఆగిపోయినవాళ్ళకి మెషీన్ పనికొస్తుంది. ఎక్సర్‌సైజ్ అంటేనే పారిపోయే పిల్లలకి గేమ్ చాలా మంచిది, ఆటలో పడి నొప్పి మర్చిపోతారు. కానీ మొదటి రెండు నెలల్లో, కాలు బిగుసుకుపోయి ఉన్నప్పుడు ఆ ప్యాకేజీ డబ్బులు కట్టే బదులు అదే డబ్బుతో ఇంటికొచ్చే ఫిజియోని ఇంకో నెల పెట్టుకోండి. ఒకవేళ చేరినా ఒకేసారి ముప్పై సెషన్లకి కట్టకండి, ఆరు సెషన్లకి కట్టి, 3 మీటర్ల నడక టెస్ట్ ముందు వెనక చేసి తేడా ఉంటేనే కంటిన్యూ చేయండి.

వాబుల్ బోర్డు గురించి మొదట్లోనే చెప్పా. ఇప్పుడు తొమ్మిది నెలలు దాటాక, కుడి కాలికి కొంచెం వాడుతున్నాం. మెత్తటి ఫోమ్ ముక్క, లేదా బొంత మడత దానికంటే సేఫ్. తలగడ మాత్రం వద్దు, గలీబు జారుతుంది.

యోగా, నీళ్ళు, నడక

యోగాలో తాడాసనం, గోడ పట్టుకుని వృక్షాసనం బ్యాలెన్స్‌కి నిజంగానే మంచివి. కానీ గ్రూపు క్లాసులో ఆ టీచర్‌కి మన కాలు ఎటు బిగిసిందో తెలియదు. వజ్రాసనం చూడండి, అందులో పాదం కిందకి చాపి దాని మీద కూర్చుంటాం, పాదం పైన కాలినవాళ్ళకి మచ్చ గట్టిపడ్డాక అది సరిగ్గా కావాల్సిన సాగుడు, పిక్క బిగిసినవాళ్ళకి మడమ దించడంలో దాంతో ఒరిగేదేం లేదు, పైగా కొత్త గ్రాఫ్ట్ ఐతే చర్మం నలిగిపోతుంది. కాబట్టి నాలుగైదు నెలల తర్వాత, కాళ్ళ సంగతి టీచర్‌కి విడిగా చెప్పి చేరండి. అమ్మకి యోగా వల్ల ఇంకో లాభం ఏంటంటే ఊపిరి మీద ధ్యాస పెట్టడం వల్ల భయం తగ్గింది.

స్విమ్మింగ్ పూల్లో నడవడం, నీళ్ళు బరువు మోస్తాయి కాబట్టి పడిపోతామన్న భయం ఉండదు. ఒక్క చిన్న పుండున్నా దిగకూడదు, క్లోరిన్ వల్ల గ్రాఫ్ట్ చర్మం ఎండిపోతుంది, దిగి వచ్చాక కడిగి వెంటనే నూనె రాయాలి. మా ఊళ్ళో ఆ వసతి లేదు, మేం చేయలేదు.

నడక, సైకిల్ అందరికీ కావాలి, పెద్ద గాయాల తర్వాత ఒంట్లో కండ కరిగిపోవడం, గుండె వేగంగా కొట్టుకోవడం చాలా నెలలు ఉంటాయి. అమెరికాలో గాల్వెస్టన్ ష్రైనర్స్ హాస్పిటల్ వాళ్ళు ఒళ్ళు 40% పైన కాలిన పిల్లలకి ఆరు నెలల తర్వాత 12 వారాల పాటు బరువులు, ట్రెడ్‌మిల్ కలిపి చేయిస్తే కండ, బలం పెరిగాయని 2001లో రాశారు. కానీ నడక ఒక్కటే బ్యాలెన్స్ తెచ్చిపెట్టదు. అమ్మ రోజూ వీధి చివరిదాకా నడిచి వచ్చేది, నడక పెరిగింది, తూలడం అలాగే ఉంది. పక్కకి అడుగులు, వెనక్కి అడుగులు కలిపాకే మార్పొచ్చింది. ట్రెడ్‌మిల్ మీద స్పర్శ లేని పాదంతో ఒంటరిగా ఎక్కకండి, స్టాండ్‌లో పెట్టిన సైకిల్ నయం.

ఏది ఎంచుకున్నా టైం ముఖ్యం. లోతుగా కాలిన చోట, గ్రాఫ్ట్ వేసిన చోట చెమట పట్టదు, ఒళ్ళు త్వరగా వేడెక్కుతుంది. మన మే నెల ఎండల్లో మేం పొద్దున్న ఆరులోపు, రాత్రి ఎనిమిది తర్వాత మాత్రమే చేశాం, ఫ్యాన్ కింద, పక్కన మంచినీళ్ళు పెట్టుకుని. ప్రెషర్ స్టాకింగ్ (మచ్చని నొక్కి పెట్టే బిగుతు మేజోడు) రోజుకి 23 గంటలు వేస్కోమన్నారు కాబట్టి ఎక్సర్‌సైజ్ కూడా దాంతోనే. చెప్పుల విషయంలో హవాయి చెప్పులు మానేయండి, స్పర్శ లేని పాదానికి అవి ఎప్పుడు ఊడాయో కూడా తెలియదు, వెనక బెల్టున్నవి కొనండి. గుడిలో ప్రదక్షిణలు మధ్యాహ్నం పూట వద్దు, రాయి కాలుతుంటే తెలియక బొబ్బలొస్తాయి, మెత్తటి సాక్స్ వేస్కుని పొద్దున్నే వెళ్ళండి. చీర కుచ్చిళ్ళు కాళ్ళకి అడ్డం పడుతుంటే కొన్నాళ్ళు చుడీదార్ వేస్కోవడంలో తప్పేం లేదు, అమ్మ ఒప్పుకోడానికి మాత్రం నెల పట్టింది.

దురదకి, మంటకి ఇచ్చే మాత్రల్లో కొన్ని మత్తుగా ఉంటాయి, గాబాపెంటిన్, సిట్రిజిన్ లాంటివి. అమ్మ పొద్దున్న ఎక్కువ తూలేది, ఏంటా అని చూస్తే రాత్రి మాత్ర ప్రభావం. డాక్టర్‌కి చెప్తే టైం మార్చారు, కొంత తగ్గింది. మీకు మీరు ఆపకండి, చెప్పి మార్పించుకోండి.

ఎక్సర్‌సైజ్ ఆపి డాక్టర్ దగ్గరకెళ్ళాల్సినవి: గ్రాఫ్ట్ చిట్లడం, కొత్త బొబ్బలు, జ్వరం, ఒక పిక్క ఒక్కసారిగా వాచి నొప్పెట్టడం, ఆయాసం. ఆఖరిది, రెండు మూడు నెలలు ఇవన్నీ రోజూ చేసినా గోడ కొలత ఒక్క సెంటీమీటర్ కూడా కదలకపోతే ఎక్సర్‌సైజ్ మార్చడం కాదు, ప్లాస్టిక్ సర్జన్‌ని కలవాలి. బిగుసుకున్న మచ్చని కోసి వదులు చేసే ఆపరేషన్లున్నాయి, సాధారణంగా మచ్చ గట్టిపడేదాకా ఆగుతారు, కీలు మరీ పట్టేస్తే ముందే చేస్తారు. ఆ ఆపరేషన్ తర్వాత కూడా ఇవే ఎక్సర్‌సైజులు మళ్ళీ మొదట్నుంచి చేయాలి.

అమ్మ కొలతలు పోయిన ఆదివారం తీశాం. గోడ దగ్గర కుడి 8, ఎడమ 4. కుర్చీ 11. నడక 12 సెకన్ల దగ్గరికొచ్చింది. ఎడమ ఒంటికాలి మీద నాలుగు సెకన్లే నిలబడుతోంది, దానికి రోజూ పొద్దున్న పాలు పొంగేదాకా గట్టు పట్టుకుని చేస్తోంది. స్నానం ఇంకా కుర్చీలో కూర్చునే, కానీ ముఖానికి సబ్బు రాస్కునేటప్పుడు నన్ను పిలవట్లేదు.